గిట్ పనులు చేసే ఏజెంట్‌కు టూల్ వివరణ రాసేటప్పుడు: ఏం చేస్తుందో కాదు, ఏం పోతుందో ముందు చెప్పండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ బృందం కోడ్ రాసే ఏఐ ఏజెంట్‌కు గిట్ (కోడ్‌లో మార్పుల చరిత్రను దాచే సాఫ్ట్‌వేర్) పనుల కోసం పదిహేను దాకా టూల్స్ ఇచ్చింది. ఒక్కొక్కదానికి ఒక్కో వాక్యం వివరణ రాశారు. అయినా ఏజెంట్ ఒకటి వాడవలసిన చోట ఇంకొకటి వాడుతోంది, పోయిన వారం కమిట్ కాని (గిట్ చరిత్రలో ఇంకా భద్రం చేయని) పని కొంత పోయింది కూడా. వివరణ ఎంత పొడవుండాలి, అందులో ఏముండాలి, తెలుగులో రాయవచ్చా, ఇన్ని టూల్స్ మానేసి ఏ గిట్ కమాండ్‌నైనా నడిపే ఒకే టూల్ ఇస్తే సరిపోదా అని అడిగారు.

సూటిగా చెబుతాను. ప్రతి వివరణలో ఆ టూల్ నడిచాక ఏది మారుతుందో, ఏది పోతుందో, పోయినదాన్ని తిరిగి తెచ్చుకునే దారి ఉందో లేదో రాయండి. తర్వాత దాన్ని ఎప్పుడు వాడకూడదో, అప్పుడు ఏ టూల్ వాడాలో పేరు పెట్టి చెప్పండి. చాలామంది వివరణలో కమాండ్ చేసే పని మాత్రమే రాసి ఆపేస్తారు. గిట్ విషయంలో అది చాలదు, ఎందుకంటే అక్కడ ఒకే పనిలా కనిపించే మూడు నాలుగు కమాండ్ల మధ్య అసలు తేడా, అవి మిగిల్చేదానిలోనూ చెరిపేసేదానిలోనూ ఉంటుంది.

నేను హనుమకొండలో ఒక చిన్న బృందంలో పనిచేస్తున్నాను. ఎనుమాముల మార్కెట్‌లోని అడ్తి (కమీషన్) దుకాణాలకు లెక్కల సాఫ్ట్‌వేర్ రాస్తాం. ఏడాదిన్నరగా మా రిపోలో (కోడ్, దాని గిట్ చరిత్ర ఉండే చోట) ఏజెంట్లు పనిచేస్తున్నాయి, వాటికి ఇచ్చే గిట్ టూల్స్ వివరణలు రాసే పని నాదే. కింద చెప్పేదంతా ఆ అనుభవంలోంచి వచ్చినదే.

ముందుగా ఏజెంట్‌ను నడిపే మోడల్‌కు ఏం కనిపిస్తుందో గుర్తుంచుకోవాలి. టూల్ పేరు, దాని వివరణ, పారామీటర్ల పట్టిక, ఈ మూడే కనిపిస్తాయి. లోపల మీరు రాసిన కోడ్ కనిపించదు. అయితే మోడల్‌కు గిట్ గురించి ముందే చాలా తెలుసు, చిక్కంతా అక్కడే మొదలవుతుంది. మేము మొదట్లో "రీసెట్" అనే టూల్ పెట్టి, "మార్పులను రద్దు చేస్తుంది" అని ఒక్క వాక్యం రాశాం. లోపల నడిచేది మాత్రం ఫైళ్లలోని పనిని కూడా చెరిపే గిట్ రీసెట్ --హార్డ్. ఏ ఆప్షనూ ఇవ్వకుండా గిట్ రీసెట్ నడిపితే అది స్టేజింగ్‌ను (తర్వాతి కమిట్‌లో చేర్చడానికి ఎంచిపెట్టిన మార్పులను) మాత్రమే ఖాళీ చేస్తుంది, ఫైళ్లలో ఉన్న పనిని ముట్టదు. ఏజెంట్‌కు తెలిసిన రీసెట్ అదే. పొరపాటున స్టేజ్ అయిన ఒక ఫైల్‌ను వెనక్కి తీయాలనుకుని అది మా టూల్‌ను పిలిచింది, తక్‌పట్టీ (రైతుకు ఇచ్చే అమ్మకం చీటీ) ముద్రించే పేజీ మీద మా సహోద్యోగి ఆ పూటంతా చేసిన పని పోయింది. ఏజెంట్ తప్పు చేసిందని మేమంతా అనుకున్నాం కానీ, లాగ్ తీసి చదివాక తప్పు నా వాక్యానిదేనని తేలింది. గిట్‌లో ఒక పేరుకు స్థిరపడిన అర్థం ఒకటి ఉండి, మీ కోడ్ చేసే పని వేరే అయితే, మోడల్ గిట్ అర్థాన్నే నమ్ముతుంది.

పాత స్థితులను నమోదు చేసుకునే గిట్ చిట్టా, రిఫ్లాగ్, ఉంది కదా అని కొందరు అంటారు. రిఫ్లాగ్ కమిట్లను గుర్తుంచుకుంటుంది, కమిట్ కాని మార్పులను కాదు. మామూలు అమరికలో దాని నమోదులు 90 రోజులు నిలుస్తాయి, బ్రాంచ్ (విడిగా సాగే కమిట్ల వరుస) ప్రస్తుత కొన నుంచి అందని కమిట్లవైతే 30 రోజులు. ఒకసారి యాడ్ చేసిన, అంటే స్టేజ్ చేసిన, ఫైల్ పాఠం గిట్ లోపలి నిల్వలో కొంతకాలం ఉంటుంది కాబట్టి ఆ నిల్వను తనిఖీ చేసే గిట్ ఎఫ్‌ఎస్‌సీకేతో వెతికి పట్టుకునే అవకాశం ఉంది. యాడ్ కూడా చేయని వరుసలకు ఆ దారి కూడా లేదు. ఈ మూడు మెట్ల తేడా వివరణలో కనిపించాలి.

ఇప్పుడు ఆ టూల్ పేరు మార్చాం, వివరణ తిరగరాశాం. దాని సారం ఇది: "ట్రాక్ అయిన (గిట్ గమనిస్తున్న) ఫైళ్లలో చివరి కమిట్ తర్వాత చేసిన మార్పులన్నిటినీ, స్టేజ్ అయినవాటితో సహా, చెరిపేస్తుంది. యాడ్ చేయని మార్పులను తిరిగి తెచ్చే దారి లేదు. స్టేజింగ్ నుంచి ఫైల్‌ను వెనక్కి తీయడమే కావాలంటే దీన్ని వాడవద్దు, అన్‌స్టేజ్ టూల్ వాడాలి. ఒకే ఫైల్‌ను పాత స్థితికి తేవాలంటే రిస్టోర్ టూల్ వాడాలి. నడిపే ముందు స్టేటస్ టూల్‌తో ఏయే ఫైళ్లు ప్రభావితమవుతాయో చూసి, ఆ జాబితా వినియోగదారుకు చూపించి, అనుమతి తీసుకోవాలి." ఐదు వాక్యాలు. ఆ తర్వాత ఆ టూల్ వల్ల మా దగ్గర పని పోలేదు.

మన భాషలో ఇంకో చిక్కుంది. మా బృందంలో చాలామంది ఏజెంట్‌తో తెలుగులోనే మాట్లాడతారు. "నిన్నటి మార్పు తీసెయ్" అంటారు. ఈ "తీసెయ్" అన్న ఒక్క మాటకు గిట్‌లో కనీసం నాలుగు పనులున్నాయి. ఆ మార్పు ఇంకా ఫైల్‌లోనే ఉంటే రిస్టోర్ చేయాలి. స్టేజ్ అయి ఉంటే అన్‌స్టేజ్. కమిట్ అయి మన కంప్యూటర్ దాటకపోతే రీసెట్ కావచ్చు. పుష్ అయిపోతే (సర్వర్‌కు చేరిపోతే), పాత కమిట్‌ను అలాగే ఉంచి దానికి విరుగుడుగా కొత్త కమిట్ వేసే రివర్ట్ మాత్రమే సరైనది. సగంలో ఆగిన మెర్జ్‌నో (రెండు బ్రాంచ్‌లను కలపడం) రీబేస్‌నో (మన కమిట్లను ఇంకో బ్రాంచ్ మీద తిరిగి పేర్చడం) ఉద్దేశించి అన్నారనుకుంటే అబార్ట్. "రద్దు చెయ్" అన్నా ఇదే పరిస్థితి. కాబట్టి ఈ టూల్స్ అన్నిటి వివరణల్లోనూ మేము ఒక వాక్యం చేర్చాం: వినియోగదారు తీసేయమని, రద్దు చేయమని, వెనక్కి తీసుకోమని అంటే, ఆ మార్పు కమిట్ అయిందా, పుష్ అయిందా అన్నది ముందు స్టేటస్, లాగ్ టూల్స్‌తో తేల్చుకోవాలి, తేలకపోతే అడగాలి.

మా నాన్న ఎనుమాములలో ఒక అడ్తి దుకాణంలో గుమాస్తాగా పనిచేశారు. మిర్చి సీజన్‌లో యార్డ్ నిండా బస్తాలున్నప్పుడు ఆయన కొత్త హమాలీకి "అవి తీసెయ్" అని ఎన్నడూ చెప్పలేదు. ఏ రైతు లాట్, ఎన్ని బస్తాలు, కాంటా (తూకం) అయినవా కానివా, ఎక్కడికి చేర్చాలి, ఈ నాలుగూ చెప్పేవారు. దడ్వాయి తూచి రాసిన బస్తా దారి తప్పినా కాగితం చూసి వెతకవచ్చు కానీ, కాంటా కాని బస్తా లారీ ఎక్కిందంటే అది ఎంత తూగేదో ఇక ఎవరూ చెప్పలేరు. కమిట్ కాని మార్పు కూడా కాంటా కాని బస్తా లాంటిదే. మా కొత్త ఇంజనీర్లకు వివరణలు రాయడం నేర్పేటప్పుడు నేను ఈ నాలుగు ప్రశ్నలతోనే మొదలుపెడతాను.

ఒకే పేరు కింద రెండు పనులు పెట్టవద్దు. ఇది గిట్ చరిత్రే చెబుతుంది. లినస్ టోర్వాల్డ్స్ 2005 ఏప్రిల్‌లో గిట్ మొదలుపెట్టినప్పటి నుంచి చాలా ఏళ్లు బ్రాంచ్ మారడానికీ, ఫైల్‌లోని మార్పులు చెరిపి పాత పాఠం తేవడానికీ చెక్‌అవుట్ అనే ఒకే కమాండ్ ఉండేది. ఒకటి నిరపాయమైనది, రెండోది పని పోగొట్టేది. 2019 ఆగస్టులో వచ్చిన 2.23 వెర్షన్‌లో ఈ రెండు పనులకూ స్విచ్, రిస్టోర్ అని వేర్వేరు కమాండ్లు వచ్చాయి. మనుషులే తికమక పడ్డ చోట వివరణలో ఒక వాక్యం చేర్చి మోడల్‌ను గట్టెక్కించవచ్చనుకోవడం సరికాదు. మీ టూల్స్‌లో చెక్‌అవుట్ ఉంటే దాన్ని వెంటనే రెండుగా విడదీయండి.

పారామీటర్ల పేర్లకు కూడా ఇదే వర్తిస్తుంది. ఇక్కడ మాకు ఎక్కువ కాలం పట్టిన సమస్య ఒకటి చెబుతాను. ఒకే వరుసలో రెండు వేర్వేరు మార్పులు ఢీకొని కాన్‌ఫ్లిక్ట్ వచ్చినప్పుడు ఏ పక్షం కోడ్ ఉంచాలో చెప్పడానికి "అవర్స్", "దెయిర్స్" అనే రెండు విలువలు ఇచ్చాం, గిట్ వాడే మాటలే కదా అని. మెర్జ్‌లో "అవర్స్" అంటే మనం నిలబడి ఉన్న బ్రాంచ్. రీబేస్‌లో అది తలకిందులవుతుంది: మన కమిట్లను ఏ బ్రాంచ్ మీద తిరిగి పేరుస్తున్నామో ఆ బ్రాంచ్ "అవర్స్" అవుతుంది, మన సొంత కమిట్లు "దెయిర్స్" అవుతాయి. ఈ సంగతి వివరణలో మూడు వాక్యాల్లో రాశాను, తర్వాత ఉదాహరణతో ఐదు వాక్యాలు చేశాను, అయినా కమీషన్ లెక్కించే ఫంక్షన్‌లో రెండుసార్లు తప్పు పక్షం మిగిలింది. చివరికి విలువలనే మార్చాం: ఒకటి "బేస్ బ్రాంచ్‌ది", ఇంకొకటి "ఇప్పుడు పనిచేస్తున్న బ్రాంచ్‌ది". జరుగుతున్నది మెర్జా రీబేసా అన్నది మా కోడే చూసుకుని సరైన గిట్ మాటలోకి మారుస్తుంది. వివరణ ఒక్క వాక్యానికి తగ్గింది, తప్పు ఆగింది. ఒక పారామీటర్‌ను వివరించడానికి మూడు వాక్యాలు దాటుతున్నాయంటే సరిచేయవలసింది ఆ పారామీటర్‌నే అని నేను గట్టిగా నమ్ముతాను.

టూల్ ఇచ్చే జవాబుకు అర్థం ఏమిటో కూడా వివరణలో ఉండాలి. మార్పులను చూపే గిట్ డిఫ్‌ను ఏ ఆప్షనూ లేకుండా నడిపితే స్టేజ్ చేయని మార్పులే చూపిస్తుంది. మా ఏజెంట్ ఒకసారి అన్ని ఫైళ్లూ స్టేజ్ చేసి, డిఫ్ పిలిచి, ఖాళీ జవాబు చూసి, "మార్పులేమీ లేవు, పని ముందే పూర్తయి ఉంది" అని చెప్పి ఊరుకుంది. ఇప్పుడు వివరణలో "ఖాళీ జవాబు అంటే స్టేజ్ చేయని మార్పులు లేవని మాత్రమే, కమిట్ చేయవలసినది లేదని కాదు" అని ఉంది. అంతకన్నా మేలైన పని, జవాబులోనే "స్టేజ్ చేయని మార్పులు లేవు, స్టేజ్ అయిన ఫైళ్లు 3" అని టూల్ చెప్పడం. ముగింపు కోడ్ల (కమాండ్ ముగిసినప్పుడు ఇచ్చే సంఖ్యల) సంగతి కూడా ఇంతే. కోడ్‌లో మాటలు వెతికే గిట్ గ్రెప్‌కు ఏమీ దొరకకపోతే 1 ఇస్తుంది, మెర్జ్‌లో కాన్‌ఫ్లిక్ట్ వచ్చినా 1 ఇస్తుంది. రెండూ టూల్ చెడిపోయిందని చెప్పే సంకేతాలు కావు. ఈ మాట రాయకపోతే ఏజెంట్ అదే పిలుపును మళ్లీ మళ్లీ చేస్తూ పోతుంది.

తెలుగు ఫైల్ పేర్లు వాడే వారికి ఒక ప్రత్యేక సూచన. మా రిపోలో రసీదు నమూనాలకు తెలుగు పేర్లున్నాయి. ఆస్కీ (ఇంగ్లీషు అక్షరాల పట్టిక) కాని అక్షరాలున్న పేర్లను గిట్ మామూలు అమరికలో కొటేషన్ గుర్తుల మధ్య అష్టాంశ (ఆక్టల్) సంఖ్యలుగా చూపిస్తుంది. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు అక్షర సంకేతానికీ మూడు బైట్లు పడతాయి, వాటిలో మొదటిది ఎప్పుడూ 340, రెండోది 260 లేదా 261. అంటే "రసీదు" అన్న చిన్న పేరు కూడా బ్యాక్‌స్లాష్ గీతలతో నిండిన పొడవాటి సంఖ్యల వరుసగా వస్తుంది. ఏజెంట్ ఆ వరుసనే ఫైల్ పేరనుకుని యాడ్‌కు ఇచ్చింది, అలాంటి ఫైల్ లేదని జవాబు రాగానే, ఫైల్‌ను ఎవరో తొలగించారని తేల్చుకుని కొత్తది రాయడం మొదలుపెట్టింది. కోర్ క్వోట్‌పాత్ అమరికను ఫాల్స్ చేస్తే, లేదా -జెడ్ ఆప్షన్‌తో ఫలితం తీసుకుంటే పేర్లు ఉన్నవి ఉన్నట్టు వస్తాయి. దానితో పాటు స్టేటస్ వివరణలో "ఇక్కడ వచ్చిన పాత్‌ను యథాతథంగా మిగతా టూల్స్‌కు ఇవ్వవచ్చు" అని రాశాం. ఒక టూల్ ఇచ్చినది ఇంకో టూల్‌కు కావలసినప్పుడు ఆ సంబంధాన్ని రెండు వైపులా రాయడం మంచిది.

ఎడిటర్ తెరిచే కమాండ్లు, ఫలితాన్ని పేజీ పేజీగా చూపే పేజర్‌లో ఆగిపోయే లాగ్, పాస్‌వర్డ్ అడిగే పుష్, వీటిని వివరణతో కాక కోడ్‌లోనే సరిచేయండి. ఏజెంట్ అక్కడ ఎవరో వచ్చి కీ నొక్కుతారని ఎదురుచూస్తూ ఉండిపోతుంది.

వివరణ కంచె కాదు. ఇది మీరు తప్పక గమనించాలి. "మెయిన్ బ్రాంచ్‌కు ఫోర్స్ పుష్ చేయవద్దు" (అంటే సర్వర్‌లో ఉన్న కమిట్లను తోసేసి రాయవద్దు) అని రాస్తే ఏజెంట్ దాదాపు ఎప్పుడూ పాటిస్తుంది, కానీ "దాదాపు" అన్న మాట మీద ఇతరుల పనిని ఉంచలేము. సర్వర్‌లో ఆ బ్రాంచ్‌కు రక్షణ పెట్టండి, ఏజెంట్ ఖాతాకు అవసరమైన అనుమతులే ఇవ్వండి. ఫోర్స్ పుష్ నిజంగా కావలసి వస్తే --ఫోర్స్-విత్-లీజ్ మాత్రమే ఉండే టూల్ ఇవ్వండి. రిమోట్‌లో (సర్వర్‌లోని రిపోలో) మనం అనుకుంటున్న కమిట్ కాకుండా ఇంకొకటి ఉంటే అది ఆగిపోతుంది. దానిలోనూ ఒక లొసుగు ఉంది: వెనుక ఎడిటర్ దానంతట అది ఫెచ్ చేస్తూ (సర్వర్‌లోని కొత్త కమిట్లను తెస్తూ) ఉంటే, మనం చూడని కమిట్‌ను కూడా మనం చూసినట్టే లెక్కవేస్తుంది. అందుకే మా టూల్‌లో ఆశిస్తున్న కమిట్ హాష్ (దాని గుర్తింపు సంఖ్య) తప్పనిసరి పారామీటర్. ఆ హాష్ లాగ్ టూల్ నుంచి రావాలని, ఊహించి ఇవ్వకూడదని వివరణ చెబుతుంది.

మీరు 2024 నవంబర్‌లో ఆంత్రోపిక్ ప్రకటించిన, మోడళ్లకు టూల్స్ అందించే ప్రమాణమైన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ ద్వారా టూల్స్ ఇస్తున్నట్లైతే, టూల్ చదవడానికి మాత్రమేనా, చెరిపే స్వభావం కలదా అని చెప్పే గుర్తులు అందులో ఉన్నాయి. వాటిని తప్పక నింపండి. అయితే ఆ ప్రోటోకాల్ ప్రకారం అవి సూచనలే, హామీలు కావు. నమ్మదగిన సర్వర్ నుంచి వస్తే తప్ప వాటి మీద ఆధారపడి నిర్ణయాలు తీసుకోకూడదు.

పొడవు గురించి అడిగారు. స్టేటస్, లాగ్ వంటి చదివే టూల్స్‌కు రెండు మూడు వాక్యాలు చాలు. రాసే టూల్స్‌కు ఐదారు. చెరిపే టూల్స్‌కు ఎనిమిది వరకు వెళ్లినా నాకు అభ్యంతరం లేదు. వివరణలన్నీ ప్రతి సంభాషణలోనూ మోడల్ ముందుంటాయి కాబట్టి గిట్ పుస్తకమంతా అక్కడ పెట్టవద్దు. మోడల్‌కు ముందే తెలిసినది వదిలేసి, మీ టూల్ గిట్‌కు ఎక్కడ భిన్నంగా ఉందో అది రాయండి. స్టాష్ ఒక ఉదాహరణ. కమిట్ కాని మార్పులను పక్కన దాచిపెట్టే గిట్ స్టాష్ మామూలుగా ట్రాక్ కాని ఫైళ్లను దాచదు, మా టూల్ దాస్తుంది. ఆ ఒక్క తేడా రాస్తే చాలు, స్టాష్ అంటే ఏమిటో రాయనక్కరలేదు.

భాష విషయంలో నేను ఇంగ్లీషులోనే రాస్తాను. గిట్ సందేశాలు, డాక్యుమెంట్లు ఆ భాషలో ఉన్నాయి, వాటి మాటలూ మన మాటలూ కలిస్తే మోడల్ తడబడదు. తెలుగు పాఠానికి చాలా మోడళ్లలో టోకెన్లు (మోడల్ పాఠాన్ని చదివే ముక్కలు) కూడా ఎక్కువ ఖర్చవుతాయి. కానీ వినియోగదారు వాడే తెలుగు మాటలను, తీసెయ్, రద్దు చెయ్, వెనక్కి పెట్టు వంటివాటిని, సంబంధిత వివరణలో తెలుగు లిపిలోనే చేర్చాను. అనుమతి అడిగే సందేశం మాత్రం పూర్తిగా తెలుగులో ఉంటుంది, ఎందుకంటే "అవును" అనేముందు మనిషి దాన్ని చదివి అర్థం చేసుకోవాలి.

ఒకే టూల్ సరిపోదా అన్న ప్రశ్నకు: నమ్మకంగా వేరుచేసిన నకలు రిపోలో, పోయినా ఫరవాలేని చోట, సరిపోతుంది. మనుషులు పనిచేస్తున్న ఫోల్డర్‌లోనే ఏజెంట్ కూడా పనిచేస్తుంటే వద్దు. ఒకే టూల్ ఉంటే చదివే పనికీ చెరిపే పనికీ వేర్వేరు అనుమతులు పెట్టలేరు, ప్రతి పిలుపుకూ అనుమతి అడగవలసి వస్తుంది, మూడో రోజుకు మీరు చదవకుండానే అవును అనడం మొదలుపెడతారు. మధ్యేమార్గంగా, చదివే పనులన్నిటికీ ఒక టూల్, రాసే, చెరిపే పనులకు విడివిడి టూల్స్ పెట్టడం మాకు కుదిరింది. దానితో మా టూల్స్ తొమ్మిదికి తగ్గాయి.

రాసిన వివరణను పరీక్షించకుండా వదలవద్దు. మేము మా పాత సంభాషణల్లోంచి ఇరవై అభ్యర్థనలు ఏరి పెట్టుకున్నాం, "తీసెయ్" రకానివి వాటిలో ఏడు. ఏ వివరణ మార్చినా ఆ ఇరవైనీ నకలు రిపోలో నడిపి, ఏజెంట్ ఏ టూల్ ఎంచుకుందో చూస్తాం. ఒక టూల్ వివరణ మారిస్తే పక్క టూల్ ఎంపిక చెడిన సందర్భాలు మాకు రెండు ఎదురయ్యాయి, అందుకే మారినదాన్నే కాక అన్నిటినీ నడుపుతాం. వివరణలను కోడ్‌తో పాటే రిపోలో ఉంచండి, టూల్ లోపలి కమాండ్ మారిన పుల్ రిక్వెస్ట్‌లోనే (మార్పును సమీక్షకు పంపే అభ్యర్థనలోనే) వివరణ కూడా మారాలన్న నియమం పెట్టుకోండి.

పోయిన వారం మీ పని పోగొట్టిన ఆ టూల్‌తోనే మొదలుపెట్టండి. దాని ప్రస్తుత వివరణ, లోపల నిజంగా నడిచే కమాండ్ రెండూ రాసి పంపితే చూసి చెబుతాను.